ఆర్కిటిక్ పంపిన తెల్లని కబురు

ఉండాల్సింది ఉత్తర ధ్రువపు మంచు మైదానాల్లో. కనిపించింది న్యూయార్క్ పార్కులో, హొనలులు విమానాశ్రయంలో, కాలిఫోర్నియాలో ఓ ఇంటి కప్పు మీద. మంచు గుడ్లగూబ ఎక్కడ వాలినా వార్తే. అది ఎందుకొచ్చింది? ఆకలికా, దారి తప్పా? వచ్చిన సంగతి పదిమందికీ చెప్పాలా, గుట్టుగా ఉంచాలా? పక్షుల్ని చూసేవాళ్ల మధ్య ఏళ్లుగా నడుస్తున్న ఈ చర్చ నుంచి ఓ జాతి గురించి మనం కొత్తగా ఎంతో నేర్చుకున్నాం.

2021 జనవరి 27. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో బేస్‌బాల్ ఆడే నార్త్ మెడో మైదానం. చలికాలం కాబట్టి ఆటలు లేవు. చుట్టూ కంచె, మధ్యలో ఖాళీ నేల. ఆ నేల మీద ఒంటినిండా నల్లని చారలున్న ఓ పెద్ద తెల్ల పక్షి కూర్చుని ఉంది. కాకులు మీద మీదకు వచ్చి గోల చేసినా అక్కడే ఉంది. కబురు ఫోన్లలో పాకగానే కంచె పొడవునా జనం చేరారు. ఏళ్ల తరబడి పక్షుల వెంట తిరుగుతున్నవాళ్లు కొందరు, అంతకుముందు ఏ పక్షి కోసమూ తలెత్తి చూడనివాళ్లు ఇంకొందరు. ఆ పార్కులో మంచు గుడ్లగూబ కనిపించడం 1890 తర్వాత అదే మొదటిసారి.

ఆ రోజు కంచె దగ్గర సంబరం ఎంతుందో ఆందోళనా అంతే ఉంది. ఇంతమందిని పిలిచి మంచిపని చేశామా? దానికి ఇక్కడ తిండి దొరుకుతుందా? అసలు బతికి వెనక్కి వెళ్తుందా? మంచు గుడ్లగూబ, అదే స్నోయీ ఔల్, దక్షిణానికి దిగిన ప్రతి శీతకాలంలోనూ అమెరికా, కెనడా, ఐరోపాల్లోని బర్డ్ వాచర్లు ఈ ప్రశ్నలే వేసుకుంటారు. వాటికి దొరికిన జవాబులు చాలాసార్లు పాత నమ్మకాలను తలకిందులు చేశాయి.

చెట్టు లేని దేశపు పక్షి

ఉత్తర అమెరికాలోని గుడ్లగూబలన్నింటిలో ఇదే బరువైనది. కిలోన్నర నుంచి దాదాపు మూడు కిలోల దాకా తూగుతుంది. రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకు నాలుగున్నర అడుగులు. ఆడది మగదానికన్నా పెద్దది. మగపక్షి వయసు పెరిగేకొద్దీ పాలలా తెల్లబడుతుంది. ఆడపక్షులకూ పిల్లలకూ ఒంటిమీద ముదురు చారలుంటాయి. ఈ తేడా ఎంతగా కనిపిస్తుందంటే, 1758లో జీవజాతులకు పేర్లు పెడుతూ లిన్నేయస్ దీన్ని రెండు వేర్వేరు జాతులుగా రాసేశాడు.

అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, స్కాండినేవియా, రష్యాల ఉత్తరపు అంచుల్లో చెట్టన్నది మొలవని టండ్రా ఉంటుంది. మంచు గుడ్లగూబ పుట్టిల్లు అదే. చెట్టే లేనప్పుడు తొర్ర ఎక్కడిది? కాస్త ఎత్తైన దిబ్బ చూసుకుని, నేలలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. ఎండాకాలంలో అక్కడ వారాల తరబడి పొద్దు గుంకదు. అందుకే పగటివేళా వేటాడటం దీనికి అలవాటు. కాలివేళ్ల దాకా దట్టంగా ఈకలుంటాయి. ఎముకలు కొరికే చలిని తట్టుకునే ఒళ్లు ఇది.

దాని బతుకంతా ఒక చిన్న ప్రాణి చుట్టూ తిరుగుతుంది. ఎలుక జాతికి చెందిన ఆ ప్రాణి పేరు లెమ్మింగ్. ఎదిగిన గుడ్లగూబ రోజుకు మూడు నుంచి ఐదు లెమ్మింగులను తింటుంది. మూడు నుంచి ఐదేళ్లకోసారి వీటి సంఖ్య విపరీతంగా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. తిండి పుష్కలంగా ఉన్న ఏడాది గుడ్లగూబ పదికి పైగా గుడ్లు పెట్టగలదు. లేని ఏడాది అసలు పెట్టకుండానే ఊరుకుంటుంది. లెమ్మింగులు ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి పోతుంది. ఈ ఏడాది గూడు కట్టిన చోటికీ వచ్చే ఏడాది కట్టే చోటికీ మధ్య వందల కిలోమీటర్లు ఉండొచ్చు. ఉపగ్రహ పరికరాలతో వెంబడించినప్పుడు ఆ దూరం రెండు వేల కిలోమీటర్లు దాటిన సందర్భాలూ తేలాయి.

ఆకలి కథ తప్పని తేలింది

చాలాకాలం పాటు పుస్తకాలు ఒకటే మాట చెప్పాయి. ఉత్తరాన లెమ్మింగులు అడుగంటితే గుడ్లగూబలు ఆకలికి తాళలేక దక్షిణానికి పరుగెత్తుకొస్తాయని, వచ్చినవి చాలావరకు ఇక్కడే చచ్చిపోతాయని. జాలిగొలిపే కథ కాబట్టి నాటుకుపోయింది. ఇప్పటికీ వార్తల్లో 'ఆకలితో అలమటిస్తూ దారితప్పిన గుడ్లగూబ' అనే శీర్షికలు కనిపిస్తూనే ఉంటాయి.

ఈ కథను కదిలించింది 2013. ఆ ఎండాకాలం కెనడాలో ఉత్తర క్విబెక్ ప్రాంతంలో లెమ్మింగులు విరగబడి పుట్టాయి. అక్కడ పరిశోధకులు తీసిన ఒక గూటి ఫొటో పక్షి ప్రపంచమంతా తిరిగింది. మధ్యలో పక్షి పిల్లలు, వాటి చుట్టూ దడి కట్టినట్టు చచ్చిన లెమ్మింగులు. లెక్కపెడితే డెబ్భై లెమ్మింగులు, మరో ఎనిమిది వోల్ ఎలుకలు. పిల్లలు తినగలిగినంత తిన్నాక మిగిలిన నిల్వ అది! అలాంటి గూళ్లలో పిల్లలు దండిగా పెరిగాయి. శీతకాలం వచ్చేసరికి ఆ కుర్ర పక్షులన్నీ చోటు వెతుక్కుంటూ దక్షిణానికి దిగాయి.

డిసెంబరు నాటికి అమెరికా తూర్పు తీరం, గ్రేట్ లేక్స్ ప్రాంతం వాటితో నిండిపోయాయి. దశాబ్దాలుగా ఎవరూ చూడనంత పెద్ద వెల్లువ అది. వేడి రాష్ట్రమైన ఫ్లోరిడా సముద్రతీరంలోనూ, అట్లాంటిక్ నడుమ ఉన్న బెర్ముడా దీవిలోనూ మంచు గుడ్లగూబ కనిపించింది. పట్టుకుని తూచి చూస్తే చాలా పక్షులు కండపట్టి, కొవ్వు పేరుకుని నిక్షేపంగా ఉన్నాయి. చనిపోయి దొరికినవాటిని కోసి చూస్తే వాహనాలు, విమానాలు గుద్దుకున్న గాయాలు ఎక్కువగా బయటపడ్డాయి. కొన్నింటి ఒంట్లో ఎలుకల మందు జాడలున్నాయి. వాటిని చంపుతున్నది ఎక్కువగా మన రోడ్లు, మన రన్‌వేలు, మన మందులు. ఆకలితో చచ్చేవి లేవని కాదు. వెల్లువకు మూలం మాత్రం అక్కడి కరువు కాదు, అక్కడి పంట.

అందుకే ఉండాల్సిన చోటు దాటి కనిపించిన మంచు గుడ్లగూబను దారితప్పిన అనాథలా చూడటం మానుకోవాలంటాను. అది ఆర్కిటిక్ నుంచి మనకు అందే కబురు. ఆ ఏడాది టండ్రాలో ఏ మూల ఏం పండిందో, ఏం ఎండిందో అది మోసుకొస్తుంది. ఆ కబురు మనకు అర్థం కావాలంటే పక్షిని దాని మానాన బతకనివ్వాలి, చూసినదాన్ని శ్రద్ధగా రాసిపెట్టాలి.

రన్‌వే మీద విడిది

దక్షిణానికి దిగిన మంచు గుడ్లగూబ కన్ను ముందుగా చదునైన, చెట్లులేని, గడ్డి కురచగా ఉన్న నేల మీద పడుతుంది. పుట్టింటిని పోలిన అలాంటి చోటు నగరాల్లో ఎక్కడుంటుంది? విమానాశ్రయంలో. ఎలుకలు, బాతులు కూడా అక్కడ దొరుకుతాయి. పక్షికి అంతకన్నా కావాల్సింది లేదు. పైలట్‌కు అంతకన్నా భయం లేదు.

బోస్టన్ లోగన్ విమానాశ్రయంలో ఈ చిక్కుకు మసాచుసెట్స్ ఆడుబాన్ సంస్థకు చెందిన నార్మన్ స్మిత్ 1981 నుంచీ దారి చూపించారు. చలిగాలిలో రన్‌వే పక్కన వల పన్ని, గుడ్లగూబను గాయపడకుండా పట్టుకుని, కొలతలు తీసుకుని, కాలికి ఉంగరం తొడిగి, దూరాన సముద్రతీరంలో వదిలిపెడతారు. ఇలా ఆయన చేతుల మీదుగా వందల పక్షులు బయటపడ్డాయి. 2013-14 వెల్లువలో ఒక్క లోగన్ నుంచే నూటికి పైగా తరలించారు. అంతకుముందే కొన్ని పక్షులకు ఉపగ్రహ పరికరాలు కట్టి, అవి వసంతంలో మళ్లీ ఆర్కిటిక్ చేరుతున్నాయని చూపించారు. దక్షిణానికి వచ్చినవి ఇక తిరిగి వెళ్లవన్న మాటకు ఆయన పని గట్టి దెబ్బ.

అన్నిచోట్లా అంత ఓపిక లేదు. 2011లో పసిఫిక్ నడుమ ఉన్న హవాయి దీవుల దాకా ఒక మంచు గుడ్లగూబ వెళ్లింది. ఆ దీవుల చరిత్రలోనే మొదటిది. హొనలులు విమానాశ్రయంలో విమానాలకు ప్రమాదమంటూ దాన్ని కాల్చేశారు. 2013 డిసెంబరులో న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయంలో మూడింటిని కాల్చారు. ఈసారి పక్షి ప్రేమికులు ఊరుకోలేదు. నిరసన వెల్లువెత్తింది. బోస్టన్‌లో చేయగలిగింది ఇక్కడెందుకు చేయరని అడిగారు. కొద్ది రోజుల్లోనే అధికారులు దిగొచ్చి, పట్టి తరలించే పద్ధతికి ఒప్పుకున్నారు. పక్షిని చూసినవాళ్లు నోరు విప్పితే ఏం జరుగుతుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వీపు మీద ఓ చిన్న పెట్టె

అదే డిసెంబరులో మరో మంచి పని మొదలైంది. రచయిత, పక్షి పరిశోధకుడు స్కాట్ వీడెన్‌సాల్, మేరీలాండ్‌కు చెందిన డేవిడ్ బ్రింకర్, నార్మన్ స్మిత్ తదితరులు కలిసి 'ప్రాజెక్ట్ స్నోస్టార్మ్' ప్రారంభించారు. ఇలాంటి వెల్లువ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఉన్నపళంగా పనిలోకి దిగారు. ఖర్చులకు సామాన్యులు చందాలిచ్చారు. పశువైద్యులు, ప్రయోగశాలలవాళ్లు తమ సమయాన్ని ఇచ్చారు.

వాళ్ల ప్రధాన సాధనం గుడ్లగూబ వీపు మీద చిన్న సంచిలా అమరే పరికరం. ఎండతో చార్జ్ అవుతుంది. పక్షి ఎక్కడుందో జీపీఎస్‌తో నమోదు చేసుకుని, సెల్ టవర్ అందగానే ఆ సమాచారాన్ని పంపేస్తుంది. టవర్లు లేని ఆర్కిటిక్‌కు వెళ్లిపోతే మాటే ఉండదు. ఆ పక్షి నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక, మళ్లీ టవర్ ఉన్న చోటికి వస్తే అప్పటిదాకా దాచుకున్న ప్రయాణమంతా ఒక్కసారే అందుతుంది. ఏ పక్షి తిరిగొస్తుందోనని శీతకాలమంతా ఎదురుచూడటం ఈ బృందానికి అలవాటైపోయింది.

అలా తెలిసిన సంగతుల్లో కొన్ని ఎవరూ ఊహించనివి. కొన్ని పక్షులు గడ్డకట్టిన గ్రేట్ లేక్స్ మీదే వారాల తరబడి గడిపాయి. మంచు పగుళ్లలో నీళ్లు తేలిన చోట చేరే బాతులే వాటి తిండి. సముద్రతీరాన దిగినవి చీకటి పడ్డాక నీటి పక్షులను వేటాడాయి. కొన్ని ఒక పొలాన్నో విమానాశ్రయాన్నో అంటిపెట్టుకుని చలికాలమంతా అక్కడే ఉండిపోయాయి. మరికొన్ని వందల కిలోమీటర్లు చుట్టబెట్టాయి. పగలంతా కునుకు తీస్తూ కనిపించే గుడ్లగూబను చూసి 'పాపం, నీరసించిపోయింది' అనుకుంటాం. నిజానికి అది రాత్రి వేట కోసం ఒళ్లు దాచుకుంటోంది.

చెప్పాలా? దాచాలా?

ఇక్కడే అసలు గొడవ. మంచు గుడ్లగూబ జాడ తెలిసినవాడు దాన్ని నలుగురికీ చెప్పాలా వద్దా అన్నది బర్డ్ వాచర్లలో ఎప్పటికీ తెగని పంచాయితీ. చెప్పొద్దనేవాళ్ల దగ్గర బలమైన కారణాలున్నాయి. జాడ బయటపడగానే కెమెరాలు వాలిపోతాయి. రెక్కలు విప్పిన ఫొటో కోసం పక్షిని కావాలని లేపుతారు. పెంపుడు జంతువుల దుకాణంలో ఎలుకలు కొనుక్కొచ్చి ఎర వేస్తారు. ఎరకు అలవాటుపడిన పక్షి మనుషుల దగ్గరకు, రోడ్ల మీదకు వస్తుంది. రోజుకు పదిసార్లు లేచి ఎగిరితే రాత్రి వేటకు దాచుకున్న సత్తువ కరిగిపోతుంది.

చెప్పాలనేవాళ్ల మాటా కొట్టిపారేయలేం. సెంట్రల్ పార్కు కంచె పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో ఎంతమంది ఆ ఒక్క పూటతో పక్షుల వైపు తిరిగి ఉంటారు! చూడనిదాన్ని ఎవరు ప్రేమిస్తారు? జేఎఫ్‌కేలో తుపాకులు ఆగింది కూడా జనానికి సంగతి తెలిసినందుకే కదా!

నా మట్టుకు నాకు మధ్యేమార్గం ఉంది. పార్కు సిబ్బంది, కంచె, దూరం ఉన్న చోట చెప్పొచ్చు. పొలం గట్టు మీద, రోడ్డు పక్కన ఒంటరిగా ఉన్న పక్షి జాడను మాత్రం పక్షి వెళ్లిపోయాక చెప్పాలి. రికార్డుకు అప్పుడు చెప్పినా విలువ తగ్గదు. పక్షికి మాత్రం అది ప్రాణం.

వాషింగ్టన్ గుడ్లగూబ కథ వింటే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది. 2014 జనవరిలో ఆ నగరం నడిబొడ్డున ఒక మంచు గుడ్లగూబ ఆఫీసు భవనాల మీద వాలి జనాన్ని అలరించింది. ఆ నెలాఖరులోనే దాన్ని బస్సు గుద్దింది. జూ వైద్యులు, పునరావాస కేంద్రంవాళ్లు కాపాడారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని రాప్టర్ సెంటర్ దాని పాడైపోయిన ఈకల స్థానంలో వేరే ఈకలు అతికించింది. వసంతంలో వదిలిపెట్టారు. కొన్ని నెలలకు మిన్నెసోటా రాష్ట్రంలోనే హైవే పక్కన చచ్చి పడి ఉంది. ఇంతమంది చేయీ చేయీ కలిపి నిలబెట్టిన ప్రాణాన్ని ఒక రోడ్డు మింగేసింది. ఇది తలచుకుంటే మనసు ఊరుకోదు.

కొత్త చోట వాలిన పక్షికి అండ దొరికితే ఏమవుతుందో చెప్పే కథా ఉంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో ఫెట్లర్ అనే చిన్న దీవి. 1967లో అక్కడ మంచు గుడ్లగూబల జంట గూడు కట్టింది. పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీ రాత్రింబగళ్లు కాపలా పెట్టింది. చూడాలని వచ్చినవాళ్లకు దూరం నుంచి చూపించింది. 1975 దాకా అక్కడ పిల్లలు పెరిగాయి. చూపించడం, కాపాడటం రెండూ ఒకేచోట సాధ్యమని ఆ దీవి ఏనాడో నిరూపించింది.

ఎక్కువ కనిపిస్తే ఎక్కువ ఉన్నట్టా?

ఊరి పొలిమేరలోనే మంచు గుడ్లగూబ కనిపిస్తే 'వీటికేం తక్కువ!' అనిపిస్తుంది. అది పెద్ద పొరపాటు. ప్రపంచంలో ఇవి మూడు లక్షల దాకా ఉంటాయని ఒకప్పుడు అంచనా వేసేవారు. ఒక ప్రాంతంలో కనిపించినన్ని అన్ని ప్రాంతాల్లోనూ ఒకేసారి ఉంటాయనుకుని వేసిన లెక్క అది. ఈ ఏడాది అలాస్కాలో ఉన్న పక్షే మరో ఏడాది ఇంకో మూల ఉంటుందని, ఒకే పక్షిని పలుచోట్ల లెక్కపెడుతున్నామని తర్వాత తెలిసింది. సవరించిన అంచనా సుమారు 28 వేలు. 2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఈ జాతిని ముప్పు ఉన్న జాబితాలో చేర్చింది. 2025లో కెనడా నిపుణుల సంఘం కూడా ముప్పును గుర్తించింది. క్విబెక్ రాష్ట్రపక్షి ఇదే కావడం గమనించాలి.

ముప్పు ఎక్కడుంది? లెమ్మింగులు చలికాలమంతా నేలకూ మంచుకూ మధ్య ఉండే సందులో బతుకుతాయి. పైనున్న మంచు వాటికి దుప్పటి. చలికాలం వేడెక్కి, మంచు మీద వాన పడి మళ్లీ గడ్డకడితే ఆ సందు మూసుకుపోతుంది. గడ్డి అందదు. నార్వేలో, గ్రీన్‌లాండ్ ఈశాన్యంలో లెమ్మింగుల పాత లయ ఇప్పటికే దెబ్బతింది. అవి పెరగని చోట గుడ్లగూబ గూడు కట్టదు. గూళ్లు లేకపోతే వెల్లువలూ ఉండవు. ఏటా ఎక్కడ, ఎన్ని, ఏ వయసువి కనిపించాయో మామూలు జనం రాసిపెట్టిన లెక్కలకు ఇప్పుడు ఇంత విలువ రావడం ఇందుకే.

మన గూబల మాట

న్యూజెర్సీ, బోస్టన్, షికాగో, టొరంటోల్లో మనవాళ్లు వేల కుటుంబాలుగా ఉంటున్నారు. వాళ్ల పిల్లలకు హెడ్విగ్ తెలుసు, హ్యారీ పాటర్ సినిమాల్లోని తెల్ల గుడ్లగూబ అదే. ఆ పిల్లలే పండగకు ఇక్కడికి వచ్చినప్పుడు గుడ్లగూబ అంటే అరిష్టమని, ఇంటి మీద వాలితే కీడని పెద్దవాళ్ల నోట వింటారు. లక్ష్మీదేవి వాహనమని మొక్కేదీ మనమే, క్షుద్రపూజల కోసం దీపావళి రోజుల్లో పట్టి అమ్ముకునేవాళ్లను చూసీ చూడనట్టు వదిలేసేదీ మనమే. 2010లో వన్యప్రాణుల వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ ఇండియా సంస్థ ఈ చీకటి వ్యాపారం మీద నివేదిక తెచ్చింది. మన దేశంలో గుడ్లగూబలకు రక్షణనిచ్చే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో. అమెరికాలో వలస పక్షుల చట్టం కిందకు గుడ్లగూబలు వచ్చిందీ అదే 1972లో. అప్పటిదాకా అక్కడ కూడా వీటిని కాల్చి, గడ్డి కూరి గోడకు తగిలించుకునేవారు. ఆ సమాజం మారింది. మనమూ మారగలం.

మంచు గుడ్లగూబ మన ఆకాశంలోకి రాదు. దాని దగ్గరి చుట్టం మాత్రం మన దగ్గరే ఉంది. దక్కన్ రాతిగుట్టల్లో, పాడుబడ్డ క్వారీల్లో బతికే కొమ్ముల గూబ, అదే ఇండియన్ ఈగిల్ ఔల్, శాస్త్రవేత్తల లెక్కలో దానితో పాటు బ్యూబో అనే ఒకే ప్రజాతికి చెందుతుంది. హైదరాబాద్ చుట్టూ గుట్టలు కరిగిపోతుంటే దాని ఇల్లూ కరుగుతోంది. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి షార్ట్ ఇయర్డ్ ఔల్ కూడా మన గడ్డి మైదానాలకు వస్తుంది. ఆ మైదానాలను పనికిరాని బీడు అని రాసుకున్నంత కాలం ఆ అతిథికి చోటుండదు. ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ బర్డ్ వాచర్స్ సొసైటీగా మొదలై ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా ఉన్న బృందం నాలుగు దశాబ్దాలుగా ఇక్కడి పక్షులను నమోదు చేస్తోంది. ఆ పనికి మరిన్ని కళ్లు కావాలి.

గుడ్లగూబ కనిపిస్తే...

• అది కళ్లు పెద్దవి చేసి, ఒళ్లు నిక్కబొడుచుకుని మీ వంకే చూస్తోందంటే మీరు మరీ దగ్గరగా ఉన్నట్టే. వెనక్కి జరగండి.

• కారులో ఉంటే దిగకండి. కారు చాటునే చూడండి.

• ఎర వేయొద్దు. రికార్డు చేసిన కూతలు వినిపించొద్దు. డ్రోన్ ఎగరేయొద్దు. రాత్రి ఫ్లాష్ వాడొద్దు.

• తేదీ, చోటు, ఒంటిమీది చారలు, ఏం చేస్తోందన్నది రాసుకోండి. జాడను పక్షి వెళ్లాక పంచుకోండి.

• గాయపడితే మీరు ముట్టుకోకుండా అటవీశాఖకో, వన్యప్రాణి రక్షకులకో చెప్పండి.

ఇవన్నీ చిన్న పనులే. కానీ ఒక జాతి ఆకలితో వస్తోందా, తిండి పండి వస్తోందా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది ఇలాంటి చిన్న పనుల నుంచే. ఎక్కడో చలిలో నిలబడి, దూరం పాటించి, చూసింది చూసినట్టు రాసిన వేలమంది లేకపోతే ఆ గుడ్లగూబలను ఇప్పటికీ జాలిగానో భయంగానో చూస్తూ ఉండేవాళ్లం. పక్షిని ప్రేమించడమంటే దాని దగ్గరకు వెళ్లడమనుకుంటాం. ఎంత దూరంలో ఆగాలో తెలిసినవాడే దానికి నిజమైన ఆప్తుడు. ఈ శీతకాలం మీ ఊరి గుట్ట మీద గూబ కూత వినిపిస్తే తలుపులు మూసుకోకండి. పిల్లల్ని బయటకు తీసుకెళ్లి వినిపించండి. ఎక్కడ, ఎప్పుడు విన్నారో వాళ్ల చేతే రాయించండి.